గీకుడు మేస్త్రి గీకని రాళ్ళు

అక్క పోయిందన్న కబురు వచ్చేసరికి గీకుడు మేస్త్రి నిచ్చెన మీద ఉన్నాడు. కింద ఫోను పట్టుకుని నిలబడ్డ తమ్ముడు, "అన్నా, అక్క..." అని ఆగిపోయాడు. మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. మేస్త్రి ఒకసారి కిందికి చూశాడు, ఒకసారి గోడ వంక చూశాడు. గోడ సగం తడిగా ఉంది, సగం పొడిగా ఉంది. మళ్ళీ కుంచె ముంచాడు.

"దిగన్నా," అన్నాడు తమ్ముడు.

"మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది."

నిజమే, కనిపిస్తుంది. ఒక పూత ఆరిపోయాక పక్కన ఇంకో పూత మొదలుపెడితే, ఆ రెండూ కలిసిన చోట ఎప్పటికీ ఒక గీత ఉండిపోతుంది. ఆయన మూల దాకా వేసి, కుంచె కడిగి, బకెట్ మీద మూత పెట్టి, అప్పుడు దిగాడు. ఆ ఇంటావిడ ఈ సంగతి తర్వాత చాలామందికి చెప్పింది. అతను మనిషి కాదు, రాయి అంది. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. ఆ పూట తన లోపల ఏదైనా కదిలిందేమోనని వెతుక్కున్నాడు. ఏమీ కదల్లేదు. చెయ్యి మాత్రం కదిలింది, అలవాటు కొద్దీ.

పని చేయించుకున్నవాళ్ళలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. గోడకి రంగు వేయమంటే ముందు గీకాలంటాడు. పాత పూత పొక్కులు లేచినా లేవకపోయినా సరే, ఇనప రేకు తీసి ఒక మూల నుంచి మొదలుపెడతాడు. "కింద ఏముందో చూడకుండా పైన పూస్తే ఎన్నాళ్ళుంటుందమ్మా?" అంటాడు. పెళ్ళివారు వీధి మొదట్లోకి వచ్చేసినా ఈయన ఇంకా గీకుతూనే ఉంటాడని ఒక పేరు. తమ్ముడు దీనికి పూర్తిగా విరుద్ధం. "నువ్వు ఒక గోడ గీకేలోపు నేను ఇల్లంతా పూసేసి భోంచేసి పడుకుంటాను," అంటాడు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూనే జీవితమంతా కలిసి పనిచేశారు.

వాళ్ళ తాత సున్నాలు వేసేవాడు. నాన్నదీ అదే పని. నాన్న పక్క ఊళ్ళో ఒక మేడకి సున్నం వేస్తూ సారవ కర్రల మీద నుంచి పడ్డాడు. అక్కడివాళ్ళు అక్కడే పూడ్చేశారు. అమ్మ అంతకు ముందే పోయింది. అమ్మ పోయేనాటికి మేస్త్రికి నడక వచ్చి కొద్ది రోజులే అయింది. తమ్ముడు ఒళ్ళో బిడ్డ. ఇద్దరినీ పెంచింది అక్కే. ఆవిడకి మాత్రం ఎంత వయసు? తన జడ తాను వేసుకోవడం అప్పుడప్పుడే వచ్చిన పిల్ల. ఒకణ్ణి చంకనేసుకుని, ఇంకొకణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించి, నీళ్ళు పోసి, అన్నం పెట్టి, నాన్న పోయాక కుంచె చేతికిచ్చి పనిలోకి తోలింది. తమ్ముళ్ళకి పెళ్ళిళ్ళు చేశాకే తను చేసుకుంది. ఆలస్యంగా ఒక కూతురు పుట్టింది, ఆ తర్వాత భర్త పోయాడు. వీటిలో వేటి గురించీ ఆవిడ పెద్దగా మాట్లాడేది కాదు.

"అమ్మ ఎలా ఉండేదక్కా?" అని మేస్త్రి చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు అడిగాడు.

"నాలాగే. కాస్త పొట్టి."

ఆయనకి అమ్మ గురించి తెలిసింది దాదాపు అంతే.

అక్క ఇంట్లో ముందు గదిలో ఐసు పెట్టె పెట్టారు. పెట్టె అద్దం లోపల ఆవిడ ఎవరి మీదో విసుక్కోబోతూ ఆగినట్టుంది. మేస్త్రి అద్దం మీద పట్టిన తడిని అరచేత్తో తుడిచాడు. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచాడు.

భార్య పక్కకి వచ్చి మెల్లిగా, "ఏవండీ, కాసేపు ఏడవండి. లోపల పెట్టుకోకూడదు," అంది.

"లోపల కూడా ఏం లేదే," అన్నాడాయన.

భార్య ఆయన మొహం వంక చూసింది. అబద్ధం చెబుతున్నట్టు కనిపించలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మేనకోడలు మందుల దుకాణంలో పనిచేస్తుంది. రోగాలూ చావులూ రోజూ చూసే పిల్ల కాబట్టి తట్టుకుని నిలబడి పనులన్నీ చక్కబెడుతోంది. మేనమామలిద్దరినీ వంటింట్లోకి పిలిచింది.

"మామయ్యా, అమ్మ చివర్లో ఒక్కటే అడిగింది. నన్ను మా అమ్మ దగ్గర పెట్టండి అని. ఆసుపత్రిలో అదే మాట, అంతకు ముందు ఇంట్లోనూ అదే మాట. అమ్మమ్మ రాయి ఏదో మీకు తెలుసుగా?"

"తెలియకేం," అన్నాడు తమ్ముడు వెంటనే.

అక్క బతికుండగా వాళ్ళని ఏదైనా కావాలని అడిగిన గుర్తు మేస్త్రికి లేదు. అడిగిందల్లా ఇదే.

ఆ శ్మశానంలో కొత్తగా గొయ్యి తీయడానికి చోటు లేదు. సొంతవాళ్ళ పాత సమాధి ఉంటే దాని రాయి లేపి, అందులోనే కొత్త మనిషిని పెట్టనిస్తారు. రాయి చూపించాల్సింది కుటుంబమే. పొద్దున్నే తవ్వాలంటే ముందు రోజు సాయంత్రంలోగా చూపించాలి. తప్పు రాయి చూపిస్తే అక్క ఎవరో తెలియని మనిషి పక్కన ఉండిపోతుంది. ఇక తీసేదీ ఉండదు, మార్చేదీ ఉండదు.

అన్నదమ్ములు మధ్యాహ్నానికి అక్కడికి చేరారు. గేటు దగ్గర కాపలా పెద్దాయన కుర్చీలో కూర్చుని చెప్పులు కుట్టుకుంటున్నాడు. వీళ్ళని చూసి గుర్తుపట్టాడు.

"ఏంటి, సున్నం బకెట్ లేకుండా వచ్చారు?"

విషయం చెప్పారు. ఆయన చెప్పు కింద పెట్టి లేచాడు. "అయ్యో. ఆవిడేనా? సరే, పదండి. ఏ రాయో చూపించండి, గుర్తు పెట్టుకుంటాను."

గేటు పక్క వరసలో మొదటి మూడు రాళ్ళూ వాళ్ళవే. దూరం నుంచే తెలుస్తాయి. చుట్టూ ఉన్నవన్నీ నాచు పట్టి, నల్లబడి ఉంటే ఆ మూడూ పాలరాయిలా మెరుస్తుంటాయి. ఏటా వానలు వెళ్ళాక ఒక సెలవు రోజున అన్నదమ్ములు వచ్చి వాటికి సున్నం వేస్తారు. కుర్రతనంలో మొదలుపెట్టిన పని, ఏ ఏడూ మానలేదు. తాత, నాయనమ్మ, అమ్మ. ముగ్గురు, మూడు రాళ్ళు.

"మధ్యది," అన్నాడు తమ్ముడు.

"చివరిది కాదూ?" అన్నాడు మేస్త్రి.

"చివరిది తాతది అన్నా."

"మొదటిది తాతదిరా. మొదట పోయింది ఆయనే కదా."

కాపలా పెద్దాయన ఒకళ్ళ తర్వాత ఒకళ్ళ మొహం చూశాడు. "రాళ్ళ మీద రాసి ఉంటుంది కదయ్యా."

ముగ్గురూ వంగి చూశారు. రాసి ఉందో లేదో చెప్పే వీలే లేదు. ఏళ్ళ తరబడి పూత మీద పూత పడి, రాళ్ళ అంచులు కూడా గుండ్రంగా మారిపోయాయి. వెన్న ముద్దల్లా ఉన్నాయి. ఊళ్ళో ప్రతి గోడనీ గీకి గానీ కుంచె పెట్టని మనిషి, సొంతవాళ్ళ రాళ్ళని ఒక్కసారి కూడా గీకలేదు, మొదటి ఏడు కూడా పట్టిన నాచు మీదే పూసేశాడు. సెలవు రోజు పని, మిగిలిపోయిన సున్నం, గంటలో ముగించుకుని ఇంటికి పోదామన్న తొందర. ఏటా పూసి శుభ్రంగా ఉంచుతున్నామనే అనుకున్నారు. పూసి పూసి పేర్లు కప్పేశారు.

"నిన్ను గీకుడు మేస్త్రి అని ఎందుకంటారో నాకు తెలీదు గానీ," అన్నాడు తమ్ముడు, "ఇక్కడ మాత్రం నువ్వు నాకంటే ఘోరం."

మేస్త్రి భుజాన ఉన్న పని సంచిలోంచి ఇనప రేకు తీశాడు.

అక్క కూడా ఏటా వాళ్ళతో వచ్చేది. ఎప్పుడూ పని ముట్టుకునేది కాదు. "మనవాళ్ళు ఈ వరసలో ఉన్నారు, మీ పని మీరు కానివ్వండి," అని చెయ్యి ఊపి, నాలుగో రాయి మీద చతికిలబడేది. అది ఎవరిదో నల్లరాయి. మోకాళ్ళ నొప్పులు రాకముందు నుంచీ అక్కడే కూర్చునేది. పక్కన మంచినీళ్ళ సీసా, ఒళ్ళో చేతులు. కూర్చుని వాళ్ళ పనికి వంకలు పెట్టేది. "పెద్దాడా, అంచు వదిలేశావు. చిన్నాడా, నువ్వు రాయికి పూస్తున్నావా, నీ చొక్కాకి పూసుకుంటున్నావా?" ఒక ఏడు సున్నం ఎక్కువ మిగిలింది. తమ్ముడు పాపం అని ఆ నల్లరాయికి కూడా ఒక పూత వేయబోయాడు.

"దీని జోలికి రాకు," అంది అక్క.

"ఎవరిదో పాపం, దిక్కులేకుండా ఉంది కదక్కా."

"నేను కూర్చున్నానా లేదా? మీ చేతికి కుంచె ఇస్తే కూర్చున్న మనిషికి కూడా పూసేస్తారు. పో అవతలికి."

తమ్ముడు నవ్వుకుంటూ పోయి, మిగిలిన సున్నం మూడో రాయికి ఇంకో చేయి వేశాడు. అక్క దానికీ నవ్వింది. "వెయ్యండిరా. ఎవరికి వేస్తే ఏం, తెల్లగా ఉంటుంది," అంది.

మొదటి రాయి గీకడం చాలాసేపు పట్టింది. సున్నం పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. కాపలా పెద్దాయన బిందెతో నీళ్ళు తెచ్చి పోశాడు. రాయి నల్లగా బయటపడింది, అక్షరాల గాడుల్లో మాత్రం సున్నం ఇరుక్కుని ఉండిపోయింది. దాంతో పేరు తెల్లగా, బోర్డు మీద రాసినట్టు కనిపించింది. తాత పేరే. రెండో రాయి మీద నాయనమ్మ పేరు.

"అయితే మూడోది అమ్మ," అన్నాడు తమ్ముడు. "నువ్వన్నదే రైటు."

మూడో రాయి మీద ముందుగా పేరు కనిపించలేదు. ఒక బొమ్మ కనిపించింది. కత్తెర. నీళ్ళు పోసి తుడిస్తే దాని కింద ఎవరో మగమనిషి పేరు, ఆ కింద "టైలర్" అన్న మాట.

తమ్ముడు వంగి ఆ మాట ఇంకోసారి చదివాడు.

"టైలరేంటి?" అన్నాడు తమ్ముడు. "మనవాళ్ళలో టైలర్ ఎవడున్నాడు?"

కాపలా పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఆయన మనవలు ఆమధ్య ఒకసారి వచ్చారు. ఎవరో పుణ్యాత్ములు మా తాతకి ఏటా సున్నం వేస్తున్నారని ఎంతో సంతోషపడి వెళ్ళారు. ఎవరో నాకేం తెలుసు, మీరు చుట్టాలేమో అనుకున్నాను."

"అక్కకి జన్మలో ఏ టైలరు కుట్టిందీ నచ్చలేదు," అన్నాడు తమ్ముడు. "ఇంకాస్తలో తీసుకొచ్చి టైలరు పక్కనే పెట్టేవాళ్ళం." నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఏడుపయింది. సున్నం చేతుల్తోనే మొహం కప్పుకున్నాడు.

మేస్త్రి తమ్ముడి వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తనది కానట్టుంది. తమ్ముడు ఎంత తేలిగ్గా ఏడవగలుగుతున్నాడో అనుకున్నాడు. ఎండ ఎంత ఉందో, సంచిలో ఇంకో రేకు ఉందో లేదో అని కూడా అనుకున్నాడు.

"నాయనమ్మ దాంట్లో పెట్టేద్దామన్నా," అన్నాడు తమ్ముడు మొహం తుడుచుకుని. "అమ్మ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఎక్కడైనా మనవాళ్ళేగా."

"అక్క నాయనమ్మని అడగలేదు."

"అక్క చూడొచ్చిందా?"

"నేను చూస్తాను కదరా."

అమ్మ రాయి మీద పేరు ఉండి ఉండదు. ఆ సంగతి ఆయనకి నెమ్మదిగా గుర్తొచ్చింది. నాన్న అమ్మకి పేరు చెక్కించలేదని అక్క ఒకసారి చెప్పింది. "చెక్కే మనిషి కోసం ఆగలేదు నాన్న. గదికి వేసిన రంగు బకెట్లో మిగిలితే, అదే తీసుకెళ్ళి పూసొచ్చాడు. మన గది రంగే అమ్మకీ," అంది. అదేదో మాటవరసకి చెప్పిందనుకుని ఆయన వదిలేశాడు. ఇప్పుడు కావలసింది ఆ రంగు. అది ఏ రంగో ఆయనకి గుర్తు లేదు, తమ్ముడికి గుర్తుండే వీలే లేదు.

వాళ్ళు పుట్టిన పాత ఇల్లు చేతులు మారి మారి ఇప్పుడు పరుపులు కుట్టే చోటయింది. వీధి గుమ్మం నుంచే గాల్లో దూది ఎగురుతోంది. మేస్త్రి లోపలికి వెళ్ళి ఇంత చిన్న గదా అనుకున్నాడు. ఆ గదిలోనే అయిదుగురు పడుకునేవారట. యజమానురాలు సూదీ దారం పట్టుకునే ఆయన మాటలు విన్నది.

"గోడ గీకుతారా? మా గోడ ఎందుకు?"

"మా అమ్మ రంగు చూడాలమ్మా. అరచెయ్యంత చాలు. తలుపు వెనకాల గీకుతాను, కనపడదు."

"మీ అమ్మ రంగు మా గోడలో ఉందా?"

"ఉండాలి."

ఆవిడ ఆయన బట్టల మీది సున్నం చూసింది, తర్వాత మొహం చూసింది. "గీకిన చోట మళ్ళీ పూత వేసి వెళ్ళాలి మరి. వచ్చేవాళ్ళకి నేనేం చెప్పను, ఎవరో వచ్చి గోడ తిన్నారనా?"

"వేస్తానమ్మా."

తలుపు వెనక ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పైన మీగడ రంగు. దాని కింద గులాబీ. ఆ కింద ఆసుపత్రి గోడల్లాంటి ఆకుపచ్చ, తర్వాత రెండు తెలుపులు. రేకు ఇంకా మెల్లిగా ఆడించాడు. అన్నిటికంటే కింద, గోడ గచ్చుని అంటుకుని ఒక రంగు బయటపడింది. ఆయన రేకు దించి చూస్తూ ఉండిపోయాడు.

నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే రంగు. ఎలా కలిపారో చూడగానే తెలిసింది. సున్నంలో నీలిమందు, అందులో కొంచెం ఎర్ర కావి. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి రంగు కావాలని ఎవరూ ఆయన్ని అడగలేదు. సున్నాలు వేసే మనిషి తనంతట తాను కలిపే రంగు కూడా కాదు. పక్కన ఎవరో నిలబడి, ఇంకాస్త నీలం, ఉహూఁ ఇంకాస్త ఎరుపు, అని కలిపించుకుని ఉండాలి.

ఒక పెళ్ళ ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. సంచిలో ఉన్న తెల్ల పూత గీకిన చోట వేశాడు. యజమానురాలు తొంగి చూసి, "దొరికిందా?" అంది.

"దొరికిందమ్మా."

"సంతోషంగా ఉందా?"

ఆయన ఆలోచించాడు. "తెలియడం లేదమ్మా," అని చెప్పి వచ్చేశాడు.

శ్మశానానికి తిరిగొచ్చేసరికి ఎండ తగ్గింది. తమ్ముడు టైలరు రాయి పక్కనే కూర్చుని ఉన్నాడు. మేస్త్రి జేబులోంచి పెళ్ళ తీసి చూపించాడు.

"ఈ రంగు రాయి కావాలి."

"ఇక్కడ రంగున్న రాయి ఒక్కటి చూపించు," అన్నాడు తమ్ముడు. "ఎన్ని వానలు, ఎన్ని ఎండలు. ఎక్కడని వెతుకుతావు?"

"మట్టిలో ఉన్నంత మేర పోదు."

ఆయన వరస వెంట చూశాడు. మొదటిది తాత, రెండోది నాయనమ్మ, మూడోది టైలరు, నాలుగోది అక్క కూర్చునే నల్లరాయి. అయిదోదాని వైపు చూపు పోయింది గానీ, మళ్ళీ వెనక్కి వచ్చి నాలుగోదాని దగ్గర ఆగింది. నడిచి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాడు. పైభాగం బోడిగా ఉంది, ఒక్క అక్షరం లేదు. రేకుతో అంచు వెంట మట్టి తవ్వాడు. జానెడు లోతు తీశాక వేలు పెట్టి తుడిచాడు. తర్వాత పెళ్ళని దాని పక్కన పెట్టాడు.

తమ్ముడు వచ్చి వంగి చూశాడు. ఒకటే రంగు.

"అక్కకి తెలుసా?" అన్నాడు తమ్ముడు.

"తెలుసు."

"తెలిసి ఇన్నేళ్ళు దాని మీద కూర్చుందా? ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెబితే ఊరుకునేవాళ్ళమా? దీనికే ముందు పూసేవాళ్ళం. రెండేసి చేతులు వేసి అమ్మ రంగు కప్పేసేవాళ్ళం."

కాపలా పెద్దాయన వచ్చి, అదేనా అని అడిగి, రాయి మీద సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. "ఆవిడ మీతో కాకుండా కూడా వచ్చేదయ్యా," అన్నాడు. "వచ్చి కాసేపు దీని మీద కూర్చుని వెళ్ళేది. ఎవరమ్మా అంటే, కాళ్ళ నొప్పులు బాబూ అనేది."

మర్నాడు పొద్దున్న అక్కని అక్కడ పెట్టారు. రాయి మళ్ళీ మూశారు. మేనకోడలు ఏడ్చింది, తమ్ముడు ఏడ్చాడు, పరుపుల యజమానురాలు కూడా ఎలా తెలుసుకుందో వచ్చి ఒక మూల నిలబడి కళ్ళు తుడుచుకుంది. మేస్త్రి మట్టి సరిగ్గా పడుతోందో లేదో చూశాడు. ఇంటికి వెళ్ళి స్నానం చేసి అన్నం తిన్నాడు. ఉప్పు తగ్గిందని భార్య అంటే, అవునా అన్నాడు. ఆ తర్వాతి రోజు పనిలోకి వెళ్ళాడు. వదిలేసిన గదిలో ఇంకా మూడు గోడలు మిగిలి ఉన్నాయి.

ఆ ఏడాది అలాగే గడిచింది. ఆయన తక్కువ మాట్లాడాడు, ఎక్కువ గీకాడు. పని బాగానే చేశాడు. అక్క ఇంటి మీదుగా వెళ్ళాల్సి వస్తే ఆ వీధిలోంచే వెళ్ళాడు, చుట్టూ తిరిగి వెళ్ళాలని కూడా అనిపించలేదు.

వానలు వెళ్ళాక సెలవు రోజున అన్నదమ్ములు బకెట్ పట్టుకుని వెళ్ళారు. మేనకోడలు కూడా వచ్చింది. తమ్ముడు తాత రాయికీ నాయనమ్మ రాయికీ అంచుల వెంట పూసి, పేర్లున్న చోట మాత్రం వదిలేశాడు. తర్వాత టైలరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఈయనకేం చేద్దామన్నా?"

"వెయ్యి. ఇన్నేళ్ళు వేసి ఇప్పుడు మానేస్తే బాగోదు."

"కత్తెర వదిలేసి వేస్తాను."

బకెట్లో ఇంకా సున్నం ఉంది. తమ్ముడు కుంచె పట్టుకుని నాలుగో రాయి వైపు రెండు అడుగులు వేశాడు, అలవాటు కొద్దీ. అప్పటికే మేస్త్రి దాని మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మంచినీళ్ళ సీసా, ఒళ్ళో చేతులు.

"అలిసిపోయావా మామయ్యా?" అంది మేనకోడలు.

"లేదమ్మా."

"మరి?"

"ఊరికే కూర్చున్నాను."

తమ్ముడు ఆయన వంక చూశాడు, చేతిలోని కుంచె వంక చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళి టైలరు రాయికి ఇంకో చేయి వేయడం మొదలుపెట్టాడు.

"అంచు వదిలేశావు," అన్నాడు మేస్త్రి.